కందెన నుంచి రబ్బరు దాకా: మన దావలో బండ్ల సద్దు

ఈ పుటల్లో ఇంతవరకు మన ఇంటి భూముల గురించి, గుడి గురించి, ఏ ఊర్ల నుంచి సంబంధాలు కలిసినాయో దాని గురించి పెద్దోళ్ళు రాసినారు. బండ్ల గురించి ఎవరూ రాయలేదు. కానీ మన వంశం బతికిందంతా కృష్ణగిరికి, హోసూరుకు నడుమ ఉండే దావ మీదనే. పంట అమ్మినా, పెండ్లికి పోయినా, కోర్టు మెట్లెక్కినా ఆ దావలోనే పోవాల. అందుకని ఈసారి ఆ దావ మీద పోయిన బండ్ల గురించి రాస్తా ఉన్నాను. ముఖ్యంగా ఆ బండ్లు చేసే సద్దు గురించి, ఆ సద్దు యాడ నుంచి వస్తుందో కనిపెట్టే విద్య గురించి.

నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకుంటిని. పనికేమో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. తప్పు యాడుందో వెతికేదే నాకు జీతం. నా భాషలో కన్నడం, అరవం కలిసిపోతే మన ఇంటోళ్ళు కాబట్టి సర్దుకోండి.

దావ ఎట్లాంటిది

ముందు నేల సంగతి చెప్పాల. హోసూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. కృష్ణగిరి దాదాపు 500 మీటర్లు. రెంటికీ నడుమ దూరం యాభై కిలోమీటర్ల చిల్లర. అంటే శూళగిరి దాటి కిందికి పోయేటప్పుడు ఏ బండి అయినా దిగుతానే ఉంటుంది, వచ్చేటప్పుడు ఎక్కుతానే ఉంటుంది. బండిలో ఏది వదులుగా ఉన్నా ఈ దావలో బయటపడిపోతుంది.

కృష్ణగిరి వైపు బారామహల్. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు సుల్తాను చేతి నుంచి కుంపిణీకి పోయింది. హోసూరు వైపు మాత్రం 1799లో టిప్పు పడిపోయినాక కుంపిణీ కిందికి వచ్చింది. ఆ పైన అంతా సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. జిల్లా పేరు మారినప్పుడల్లా మన కాగితాలు మారినాయి గానీ, దావ మారలేదు. బెంగళూరుకు పోయే దావ అదే, కుప్పం పక్క నుంచి వచ్చే తెలుగోళ్ళు కృష్ణగిరిలో కలిసే దావ కూడా అదే.

ఎద్దుల బండి కాలం

మత్తిగిరిలో పశువుల ఫారం 1824లోనే మొదలయింది. మన పక్క ఆలంబాడి ఎద్దులు, మైసూరు పక్క హళ్ళికారు ఎద్దులు బరువు లాగేదానికి పేరుబోయినవి. ఎద్దులు మంచివి ఉన్నంత మాత్రాన బండి నడవదు. చక్రం సంగతి చూడాల.

బండి చక్రం ఒకే కొయ్య కాదు. నడిమి కొయ్యలో ఆకులు దిగ్గొట్టి, ఆకుల కొసలకు వంపు చెక్కలు తగిలించి, ఆ చుట్టూ ఇనుప పట్టా వేస్తారు. పట్టాను చక్రం కన్నా రవ్వంత చిన్నగా చేసి, నిప్పులో ఎర్రగా కాల్చి, అది సాగినప్పుడు చక్రానికి తొడిగి, మీద నీళ్ళు పోస్తారు. పట్టా చల్లారి ముడుచుకొని చెక్కలన్నిటినీ బిగిస్తుంది. మేకు, జిగురు లేకుండా చక్రం మొత్తాన్ని పట్టుకొనేది ఆ బిగువే.

ఎండాకాలం వచ్చిందంటే కొయ్య ఎండి చిక్కిపోతుంది, ఇనుము చిక్కదు. అప్పుడు పట్టా వదులై లొడలొడమంటుంది. బండోడు ఆ సద్దు వింటానే తెలుసుకొని బండిని వాగులో దింపి కాసేపు నిలబెట్టేవాడు. కొయ్య నీళ్ళు తాగి ఉబ్బుతుంది, సద్దు పోతుంది. అది శాశ్వతం కాదు, మళ్ళా ఎండుతుంది. కానీ ఊరు చేరేదానికి చాలు. ఖర్చు లేని మరమ్మతు.

రెండో సద్దు ఇరుసుది. కందెన లేకుంటే ఇరుసు కిర్రు కిర్రుమంటుంది. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన చేసేవాళ్ళు. బండి కింద వెదురు గొట్టంలో అది వేలాడతా ఉండేది. దాన్ని కన్నడంలో కీలెణ్ణె అంటారు, అరవంలో వండి మై అంటారు. మూడు భాషలోళ్ళూ ఒకే సంతకు పోయేవాళ్ళు కదా, మూడు పేర్లూ మన ఇంట్లో నడిచినాయి. సుమతీ శతకంలో కరణం గురించి ఒక పద్యం ఉంది. కరణాన్ని మంచి చేసుకోకుంటే పని సాగదని చెప్పేదానికి ఆ కవి ఇచ్చిన పోలిక ఇదే: ఇరుసుకు కందెన పెట్టకుంటే దేవుని బండి కూడా కదలదు. బడిలో ఆ పద్యం నాకు లేదు. మా జేజినాయన నోట విన్నాను. ఆయన మాత్రం కరణం సంగతి వదిలేసి, బండి సంగతి వరకే చెప్పేవాడు.

మూడో సద్దు కడసీలది. ఇరుసు కొసన చక్రం ఊడిపోకుండా అడ్డం పెట్టే చిన్న ఇనుప ముక్క. కన్నడంలో కడాణి, అరవంలో కడైయాణి. అది అరిగిందంటే చక్రం ఇటూ అటూ ఆడతా టకటకమంటుంది. పట్టా వదులైనా ఊరు చేరతావు, కందెన లేకపోయినా కిర్రుమంటా చేరతావు. కడసీల పడిపోతే మాత్రం చక్రం ఒక పక్క, బండి ఒక పక్క. తిరుక్కుఱళ్‌లో 667వ కుఱళ్ కూడా ఇదే చెబుతుంది: ఆకారం చూసి చిన్నచూపు చూడొద్దు, పెద్ద తేరుకు ఆధారం చిన్న చీలే.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, పాతకాలం వాళ్ళు మూడు సద్దులను మూడుగా విడదీసి విన్నారు. ఏది వాగు దాకా ఆగుతుంది, ఏది ఇప్పుడే దిగి చూడాల అని చెవితోనే తీర్మానించేవాళ్ళు.

చిన్న రైలు వచ్చింది, పోయింది

కరువు రోజుల్లో ధాన్యం చేరవేసేదానికి తెల్లోళ్ళ కాలంలో ఈ పక్క రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలతో చిన్న రైళ్ళు వేసినారు. తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి 1905లో వచ్చింది. మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లో వచ్చి, అక్కడి నుంచి 1913లో హోసూరు దాకా సాగింది. రెండూ నిలబడలేదు. కృష్ణగిరి రైలు 1936లో, హోసూరు రైలు 1941లో ఆగిపోయినాయి. కృష్ణగిరి జిల్లా ముఖ్యపట్టణం అయినా ఈ పొద్దుకీ ఊర్లో రైల్వే స్టేషను లేదు.

చిన్న రైలు పోయినాక బరువంతా మళ్ళా రోడ్డు మీద పడింది. బండ్లు, బస్సులు, లారీలు. మన వాళ్ళు రైలు డ్రైవర్లు కాకుండా లారీ డ్రైవర్లు అయింది అందుకే అని చిన్నాయన అంటాడు. అది సగం నవ్వులాట, సగం నిజం.

ఆ నడుమనే టైరు బండి వచ్చింది. గాలి టైరును డన్‌లప్ 1888లో బెల్‌ఫాస్టులో తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం చేసినాడు. అది మన ఎద్దుల దాకా రావడానికి చాలా ఏండ్లు పట్టింది. రబ్బరు టైరు, బేరింగు ఉండే ఇరుసు వచ్చినాక బండి సద్దు దాదాపు పోయింది. రాత్రి పూట ఇనుప పట్టా సద్దు విని ఎవరి బండి వస్తా ఉందో చెప్పేదాన్నని మా జేజి అనేది. టైరు బండ్లు వచ్చినాక దగ్గరికి వచ్చేదాకా తెలిసేది కాదంట.

మోటారు వచ్చినాక

కారు పుట్టిన కాలం నుంచీ సద్దు తీసేయడమే ఇంజనీర్లకు పెద్ద పని. 1907లో రోల్స్ రాయిస్ వాళ్ళు ఒక కారుకు సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టిరి. దయ్యం మాదిరి సద్దు లేకుండా పోతుందని. అది రాజుల సంగతి. మామూలు జనం కార్లకు మేలు చేసింది రబ్బరు. 1931లో అమెరికాలో క్రిస్లర్ వాళ్ళు ప్లిమత్ కారు ఇంజను కింద రబ్బరు దిండ్లు పెట్టి, ఇంజను అదురు కారుకు తగలకుండా చేసిరి.

మన దేశంలో ఉత్తరపారాలో 1957లో మొదలైన అంబాసిడర్ 2014 దాకా వచ్చింది. వెనక పక్క పట్టీల స్ప్రింగులు, బరువు పడితే వంగేవి. హారన్ తప్ప అన్నీ మోగుతాయని ఎగతాళి చేసినా, ఆ కారు గురించి ఒక మంచి మాట చెప్పాల. దాని సద్దు దాచుకొనేది కాదు. గ్రీసు గన్ను తీసుకొని కింద దూరి గ్రీసు కొడితే సగం సద్దు పోయేది. అంటే కందెనే. ఆముదం మసి బదులు డబ్బా గ్రీసు, వెదురు గొట్టం బదులు గన్ను.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినాక కథ మారింది. ఆ తరం నుంచి వచ్చిన చిన్న కార్లలో గ్రీసు కొట్టే చోట్లు తగ్గిపోయినాయి. కీళ్ళలో గ్రీసు ఫ్యాక్టరీలోనే నింపి, మీద రబ్బరు టోపీ వేసి మూసేస్తారు. మిగతా చోట్లలో రబ్బరు బుష్షులు. మనం చేసే పని ఏమీ లేదు. ఆ రబ్బరు బతికినంత కాలం నిమ్మళం. చిరిగినాక మాత్రం లోపల గ్రీసు కారిపోయి దుమ్ము, నీళ్ళు దూరతాయి. బయటికి కనపడదు. సద్దే చెప్పాల.

హోసూరు మారినప్పుడు

1970లలో సిప్‌కాట్ వచ్చింది. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ హోసూరు నుంచి బయటికి వచ్చింది. ఇద్దరు కూచొని పోయే మోపెడ్ దేశంలో అదే మొదటిది. అశోక్ లేలాండ్ లారీల ఫ్యాక్టరీ కూడా 1980లోనే వచ్చింది. 1984లో టాటా వాళ్ళు, తమిళనాడు సర్కారు సంస్థ టిడ్కో కలిసి పెట్టిన టైటాన్ గడియారాలు కూడా ఈ ఊర్లోనే తయారయినాయి.

మన ఇండ్లలో సేద్యం వదిలినవాళ్ళు ఆ గేట్ల లోపలికి పోయిరి. ఇరుసు సద్దు వినే చెవులే ఇంజను సద్దు వినే చెవులు అయినాయి. ఆ లారీలు తోలినవాళ్ళూ మన ఇంట్లో ఉన్నారు. చిన్నాయన ముప్పై ఏండ్లకు పైన ఇదే రోడ్డు మీద లారీ తోలినాడు. అప్పుడది ఏడో నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు 44.

మా ఇంటి కారు

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. మా నాన్న కొన్న పెట్రోలు కారు ఒకటి ఉంది. నాన్న పోయి మూడేండ్లు. సొంత కారుకు రిజిస్ట్రేషను పదిహేనేండ్లు, ఆ పైన తనిఖీ చేయించి ఐదైదేండ్లకు పొడిగించుకోవాల. ఆ గడువు దగ్గరికి వచ్చింది. కారేమో సద్దు పెడతా ఉంది. తమ్ముడు అమ్మేద్దాము అనె. అమ్మ ఒప్పుకోలేదు. కృష్ణగిరిలో ఉండే మా అవ్వను చూసేదానికి వారం వారం ఆ కారులోనే పోతుంది. ఒక గ్యారేజీలో చూపిస్తే ముందు షాకబ్జర్లు రెండూ మార్చిరి. డబ్బు పోయె, సద్దు పోలేదు. పాత కారు అంటే ఇట్లే ఉంటాది, పాట పెట్టుకొని తోలండి అనిరి.

చిన్నాయనను పిలిస్తిమి. ఆయన బానెట్ ఎత్తలేదు. మొదట అడిగింది ఒకటే: "గలగలనా, లొడలొడనా, టక్కుమంటాదా?"

నాకు ఆ ప్రశ్న శానా నచ్చింది. మా ఆఫీసులో ఎవరన్నా "యాప్ పనిచేయడం లేదు" అంటే మేము కూడా ఇట్లనే అడుగుతాము. ఎప్పుడు, యాడ, ఏం చేసినప్పుడు? ఆయన చెప్పింది ఇట్ల రాసుకుంటిని.

గలగల అంటే పలచని రేకు, లేదంటే చిల్లర వస్తువు. లొడలొడ అంటే రంధ్రం పెద్దదయి లోపలి కమ్మి ఆడతా ఉంది. టక్కుమని ఒక్కసారి అంటే, బరువు ఇటు నుంచి అటు మారేటప్పుడు ఒక కీలు జరుగుతా ఉంది. కీచుమంటే ఎండిపోయి రాసుకుంటా ఉంది. గుయ్యిమని వేగంతో పెరిగితే బేరింగు.

మొదటి రోజు కారు నిలబెట్టి ఇంజను మాత్రం నడిపిస్తిమి. ఊరికే ఉన్నప్పుడు గలగల, యాక్సిలేటరు రవ్వ తొక్కితే పోతుంది. అంటే రోడ్డుకు సంబంధం లేదు. ఇంజను చల్లారినాక కింద కట్టెతో ఒక్కొక్కటే తట్టి చూస్తే, సైలెన్సరు గొట్టం మీద వేడి ఆపే రేకు గలగలమనె. బోల్టు రంధ్రం తుప్పు పట్టి పెద్దదయింది. పెద్ద క్లిప్పు ఒకటి చుట్టి బిగిస్తిమి. వంద రూపాయలు కూడా కాలేదు.

అది పోతానే దాని వెనక దాక్కొన్న లొడలొడ స్పష్టంగా వినపడె. రెండో రోజు కారు ఖాళీ చేస్తిమి. జాకీ, స్టెప్నీ, డిక్కీలో సామాను, డోర్లలో సీసాలు అన్నీ దింపి అదే రోడ్డులో అదే వేగంతో పోతిమి. సద్దు ఉంది. అంటే సామాను కాదు. ఎడమ పక్క ముందు నుంచి వస్తా ఉంది. అప్పుడు చిన్నాయన ఒక చిన్న పరీక్ష చెప్పె. హంప్ మీద రెండు చక్రాలూ ఒకటేసారి ఎక్కించు, తరవాత ఒక చక్రం మాత్రం ఎక్కించు. రెండూ ఒకటేసారి ఎక్కితే సద్దు లేదు. ఒకటి మాత్రం ఎక్కితే లొడలొడ.

దానికి కారణం ఉంది. ముందు రెండు చక్రాలనూ కలిపి అడ్డంగా ఒక కమ్మి ఉంటుంది, మలుపులో కారు ఒక పక్కకు ఒరగకుండా. రెండు చక్రాలూ ఒకటిగా లేస్తే ఆ కమ్మి మెలి తిరగదు. ఒకటే లేస్తే మెలి తిరుగుతుంది. ఆ కమ్మిని చక్రం పక్కకు కట్టే చిన్న లింక్ రాడ్ అరిగితే అప్పుడు కొట్టుకుంటుంది. రెండు పక్కలా లింక్ రాడ్లు మారిస్తిమి. లొడలొడ పోయె.

తమ్ముడు ఇంక చాలు అనె. చిన్నాయన చాలదు అనె. మెల్లగా స్టీరింగు తిప్పి బ్రేకు తొక్కినప్పుడు ఒక చిన్న టక్ ఉంది. ఎంత చిన్నదంటే, రెండు పెద్ద సద్దులు ఉన్నప్పుడు అది ఎవరికీ వినపడేది కాదు. పాట పెట్టుకుంటే అసలే వినపడదు.

మెకానిక్ షెడ్డులో కారు ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే ఆడె. ఒకరు ఊపతా ఉంటే ఇంకొకరు కింద చూసిరి. లోయర్ ఆర్మ్ కొసన ఉండే బాల్ జాయింట్. రబ్బరు టోపీ చిరిగి, గ్రీసంతా పోయి, లోపల తుప్పునీళ్ళు. గుండు తన గుంతలో ఆడతా ఉంది. అది ఊడి బయటికి వస్తే చక్రం బయటికి మడిచిపోతుంది, కారు ఆ పక్క నేలకు కూలబడుతుంది, స్టీరింగు చేతికి ఆగదు. శూళగిరి దాటినాక ఆ దిగుడులో, వెనక లారీలు వస్తా ఉండంగా, లోపల అమ్మ కూచొని ఉంటే ఏమయ్యేదో చెప్పాల్సిన పని లేదు.

లోయర్ ఆర్మ్ మొత్తం మార్చి, వీల్ అలైన్‌మెంటు చేయించి, మళ్ళా అదే రోడ్డు, అదే వేగం, అంతే మంది, అదే హంపులు. ఒకటి బాగు చేసినప్పుడు ఇంకొకటి చెడిపోలేదని చూసుకోవాల, అది నా ఉద్యోగం నేర్పిన అలవాటు. సద్దు లేదు. తనిఖీ చేయించి రిజిస్ట్రేషను ఇంకో ఐదేండ్లకు రాయించుకొంటిమి. కారు ఇంట్లోనే ఉంది.

దీంట్లో చరిత్ర ఏముంది

మెకానిక్ చేతిలో ఆ పాత బాల్ జాయింట్ చూసి చిన్నాయన అన్న మాట: "కందెన పోయింది, కీలు అరిగింది. అంతే కదా." మూడు మాటల్లో నేను పైన రాసినదంతా చెప్పేసె. రేకు సద్దు పట్టా సద్దు లాంటిది, భయం లేదు. లింక్ రాడ్ ఇరుసు సద్దు లాంటిది, ఇబ్బంది గానీ ఊరు చేరతాము. బాల్ జాయింట్ కడసీల. అన్నిటికన్నా సన్నగా మోగింది అదే.

నాకు అర్థమయింది ఏమంటే, సద్దు పెద్దదా చిన్నదా అనేది కొలత కాదు. ఏది పట్టుకొని ఉండాల్సింది వదిలేసింది, అదీ కొలత. పెద్దోళ్ళకు ఇది తెలిసింది చదివి కాదు, మాటలు ఉండి. గలగల, లొడలొడ, టకటక, కిర్రు, గుయ్యి, ఇవన్నీ వేరు వేరు పేర్లు. మా తరం అన్నిటినీ కలిపి "నాయిస్ వస్తా ఉంది" అంటుంది. ఒకే పేరు పెడితే ఒకే జబ్బు అనుకొంటాము, షాకబ్జర్లు మార్చుకొంటాము. బడిలో తెలుగు చదవని నాలాంటోళ్ళకు ఈ మాటలు ఇంట్లోనే దొరకాల. ఇంట్లోనూ పోతే ఇంక యాడా దొరకవు.

మీ కారులో సద్దు వస్తే ఇట్ల చేయండి. నిలబడి ఉన్నప్పుడా, పోతా ఉన్నప్పుడా అని ముందు విడదీయండి. డిక్కీ ఖాళీ చేయండి. ఒకటి మార్చినాక మళ్ళా వినండి, రెండు ఒకటేసారి మార్చొద్దు. స్టీరింగు, బ్రేకు పక్క నుంచి టక్కుమంటే మాత్రం రేపు అనొద్దు, ఆ పొద్దే ఎత్తి చూపించండి.

ఇంకొక మనవి. బండి భాగాల పేర్లు మన ఇంట్లో ఇంకా గుర్తుండే పెద్దోళ్ళు నలుగురైదుగురే. చక్రం నడిమి కొయ్యకు మన పక్క ఏమంటారో, వంపు చెక్కలకు ఏమంటారో, దిగుడులో చక్రానికి అడ్డం కట్టే కొయ్యకు పేరేమో అడిగి, వాళ్ళు పలికినది పలికినట్ల రాసి పంపండి. కన్నడంలో చెప్పినా, అరవంలో చెప్పినా సరే. వచ్చే నెల అన్నీ కలిపి ఈడనే పెడతాను.